సార్వభౌమాధికారమును, వేరుసెనగ కాయయు



సార్వభౌముడను మాట మనకు కొత్తది కాదు. భూమండలమంతటికిని ప్రభువైనవాడు సార్వభౌముడని మన పూర్వులు చెప్పిరి. అట్టి ప్రభువు ఎన్నడును లేడు గాని, మాట మాత్రము నిలిచినది. నేటి రాజ్యాంగశాస్త్రములో దాని అర్థము కొంచెము కుదించుకొన్నది. ఒక దేశపు హద్దులలోపల చట్టము చేయుటకును, పన్ను వేయుటకును, ఏ సరకును లోనికి రానీయవలెనో దేనిని రానీయరాదో నిర్ణయించుటకును ఆ దేశమునకు మాత్రమే గల అధికారమునకు సార్వభౌమాధికారమని పేరు. ఆ పనులకు పైవాని సెలవు అక్కరలేదు. పుస్తకములో ఇది మిక్కిలి తేటగా ఉన్నది. అనంతపురము మార్కెటు యార్డులో కాయల రాశి ప్రక్కన నిలిచి చూచినచో అంత తేటగా కనబడదు.

కొన్ని ఏండ్ల క్రిందట కళ్యాణదుర్గము ప్రాంతమున ఒక వృద్ధ రైతు నన్ను అడిగిన ప్రశ్న నేటి ప్రసంగమునకు మూలము. "ధర మా ఊర్లో తెగల్యా, అనంతపురంలో తెగల్యా. యాడ తెగుతాదో చెప్పు సామీ, ఆడికే పోయి అడుగుతాం" అని ఆయన అనెను. ఆ అడుగవలసిన చోటు ఏది అనునదియే నేను చెప్పబూనుకొన్న విషయము. ప్రపంచీకరణము వచ్చి రాజ్యముల అధికారము నశించినదని కొందరు చెప్పుదురు. అదేమియు లేదు, మన ప్రభుత్వము మన చేతిలోనే ఉన్నదని మరికొందరందురు. ఈ రెండు మాటలలో ఏదియు ఆ రైతునకు దారి చూపదు.

మన సీమ ఇట్టి చిక్కును పూర్వము కూడ చూచినది. విజయనగర ప్రభువులకు గుర్రములు సముద్రము మీదినుండి రావలసియుండెను. సదాశివరాయల కాలమున, 1547లో, గోవాలోని పోర్చుగీసువారితో ఒక ఒడంబడిక జరిగినది. గోవాకు దిగు గుర్రములు విజయనగరమునకే అమ్మవలెననియు, బిజాపురమునకు అమ్మరాదనియు అందు వ్రాసికొనిరి. అంత గొప్ప సామ్రాజ్యమును తన అశ్వసైన్యము కొరకు ఓడల మీది పరదేశీయునితో కాగితము వ్రాసికొనక తప్పలేదు. 1565లో తళ్లికోట యుద్ధమున ఓడిన పిదప ఆ రాజులు మన పెనుకొండకే వచ్చి కొలువు తీరిరి.

తరువాతి కథ ఇంతకన్న కఠినమైనది. 1792లోను, 1799లోను జరిగిన మైసూరు యుద్ధముల ఫలముగా ఈ మండలములు నిజామునకు దక్కినవి. 1800 అక్టోబరు 12వ తేదీన ఆయన కంపెనీ సైన్యపు ఖర్చు క్రింద వీనిని ఇంగ్లీషువారికి వ్రాసి యిచ్చెను. బళ్లారి, కడప, అనంతపురము ప్రాంతములలోని ఏ గ్రామపు రెడ్డినిగాని, కరణమునుగాని ఎవరును అడుగలేదు. ఒకనాటి తెల్లవారుజామున లేచువరకు ప్రభువు మారియుండెను. మన్రో దొర వచ్చి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉండి, పాళెగాండ్రను అణచి, రైతు పేరనే శిస్తు కట్టించెను. దత్తమండలములను పేరు మనకు నూరేండ్లకు పైగా అంటియుండి, 1928లో నంద్యాల సభలో రాయలసీమ అను పేరు పెట్టుకొన్న పిదపగాని విడువలేదు. దత్తము అనగా ఇచ్చివేయబడినది. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, ఇవ్వబడినవారము మనము. ఈ మూడు స్థానములను మనస్సులో ఉంచుకొని ముందునకు వచ్చెదము.

ఇక వేరుసెనగ. మన ప్రక్కల బుడ్డలనియు, చెనిక్కాయలనియు పిలుచు ఈ పంట మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, ఓడలెక్కి వచ్చినది. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియును ఇష్టము వచ్చినప్పుడు కురియు ఈ ఎఱ్ఱనేలలో అది కుదురుకొన్నట్లు ఇతరమేదియు కుదురుకొనలేదు. 2022లో రెండుగా విడివడిన పాత అనంతపురము జిల్లాలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లకు మించి ఈ ఒక్క పంటనే విత్తిరి. ఇంత విస్తారముగా ఒకే పంటను నమ్ముకొన్న జిల్లాలు దేశమున అరుదు. వాన తప్పినను, ధర తప్పినను ఇల్లంతయు ఒక్కసారిగా కదలును. 1990ల చివరి ఏండ్లనుండి ఈ జిల్లాలో రైతుల ఆత్మహత్యలు వార్తలైన సంగతియు, బెంగుళూరునకును కేరళమునకును కూలికి పోయిన కుటుంబముల సంగతియు మీకు నేను చెప్పనక్కరలేదు. మీ వీధిలోనే మూతపడిన తలుపులు ఉండును.

వానకు మనము ఎవరిని అడుగగలము? ధర విషయము అట్లు కాదు. అది మనుష్యులు చేసిన పని.

1986లో కేంద్ర ప్రభుత్వము నూనెగింజల పెంపునకు ఒక ప్రత్యేక ప్రణాళికను నడిపెను. 1990ల మొదటి ఏండ్లకు దేశము తనకు వలసిన వంటనూనెను చాలవరకు తానే పండించుకొను స్థితికి వచ్చినది. అట్టి సమయమున, 1994లో, పామోలిను నూనెను ఎవరైనను స్వేచ్ఛగా దిగుమతి చేసికొనవచ్చునని ఉత్తరువు వెలువడినది. మొదట దాని మీద నూటికి 65 వంతున సుంకము విధించిరి. 1995లో అది 30 అయినది, 1996లో 20, 1998లో 15. ఈ అంకెలు పంటచేనికి ఎట్లు చేరునో కొంచెము విప్పి చెప్పెదను. రేవులో దిగిన నూనె వెల 100 రూపాయలనుకొనుడు. సుంకము 65 అయినచో అది 165 రూపాయలకు మన దేశపు అంగడిలో అడుగుపెట్టును. 15 అయినచో 115 రూపాయలకే వచ్చును. మలేసియాలోనో ఇండోనేసియాలోనో తోట వేసినవాడు ఒక్క పైసా తగ్గించుకొనక పోయినను మన కాయలతో పోటీపడు నూనె వెల 50 రూపాయలు దిగినది. వేరుసెనగ నూనె రుచి వేరు, పామోలిను రుచి వేరు అని మీరనవచ్చును. నిజమే. కాని హోటలువాడును, మిఠాయి అంగడివాడును, నెలజీతగాని ఇల్లాలును వెలనే చూతురు. వారు మరలిపోయిన కొలదియు మిల్లువాడు పప్పునకు తక్కువ ధర పలుకును. మిల్లువాని మాటను బట్టి యార్డులోని వ్యాపారి కాయకు ధర చెప్పును. కళ్యాణదుర్గపు రైతు వెదకిన "ధర తెగు చోటు" ఈ గొలుసునకు పైచివర ఉన్నది.

ఆ పైచివర ఎవరు కూర్చున్నారు? ఇక్కడనే చాలమంది పొరపడుదురు. మొరాకో దేశపు మర్రాకేషు నగరమున 1994 ఏప్రిలు 15వ తేదీన మన వాణిజ్యమంత్రి ప్రణబ్ ముఖర్జీగారు అనేక దేశముల ప్రతినిధులతోపాటు ఒక ఒడంబడిక మీద చేవ్రాలు చేసిరి. దాని వలన 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ జెనీవాలో ఏర్పడినది. సుంకములు తగ్గుటకు జెనీవావారే కారణమని సభలలో చెప్పగా వినియుందురు. అయితే ఆ ఒడంబడికలో మనదేశము ఒప్పుకొన్న పైమితి ఎంత? పామునూనె మీద నూటికి 300. అనగా 100 రూపాయల నూనె మీద 300 రూపాయల వరకు సుంకము వేసికొనుటకు మనకు సంపూర్ణ స్వేచ్ఛ ఉండెను. అట్లుండగా మనము 15 మాత్రమే వేసికొంటిమి. తరువాత కొన్ని ఏండ్లు పెంచి, 2008లో ముడి పామునూనె మీద పూర్తిగా ఎత్తివేసితిమి. సున్న. జెనీవాలో ఎవరును అది కోరలేదు. ధరలు పెరిగినప్పుడు పట్టణములలో అలజడి పుట్టును, ఎన్నికలు దగ్గరపడును, అప్పుడు సుంకము దిగును. పంట వచ్చినప్పుడు పల్లెలో పుట్టు అలజడికి అంత గొంతు లేదు. సోయా నూనె సంగతి వేరు. దాని మీది పైమితి 45 మాత్రమే, అక్కడ మన చేయి నిజముగా కట్టువడియున్నది.

న్యాయముగా చెప్పవలెనన్నచో రెండవ ప్రక్కను కూడ చెప్పవలెను. వేరుసెనగ పండించు కుటుంబమే తన ఇంటికి పామోలిను ప్యాకెట్టు కొనుచున్నది. చౌకధరల దుకాణములో అది ఇచ్చిన రోజులలో మన పల్లెలవారే వరుసలో నిలిచిరి. కూలివానికి నూనె చౌక కావలెను, రైతునకు కాయ ప్రియము కావలెను, ఒక్క ఇంటిలోనే ఈ రెండు కోరికలును పుట్టును. దేశమునకు వలసిన నూనెలో సగమునకు పైగా నేడు బయటనుండియే వచ్చుచున్నది. సుంకము పెంచుడని ఒక్క మాటలో చెప్పుట సులభము, దాని బరువు ఎవరి కుండ మీద పడునో చూచి చెప్పుట కష్టము. ఏ ప్రభుత్వమైనను ఈ తూకము వేయక తప్పదు. తూకము వేయువాడు తక్కెడను మనకు కనబడునట్లు పట్టుకొనవలెనని మాత్రము నేను కోరుదును.

అట్లు పట్టుకొనలేదనుటకు ఒక నిదర్శనము చెప్పెదను. 2009 ఆగస్టులో మనదేశము ఆగ్నేయాసియా దేశముల కూటమితో వ్యాపారపు ఒడంబడిక చేసికొన్నది. అది 2010 జనవరి 1నుండి అమలునకు వచ్చినది. ముడి పామునూనె మీది సుంకమును క్రమముగా 37.5నకును, శుద్ధిచేసినదాని మీద 45నకును దింపెదమని అందులో మాట యిచ్చిరి. జెనీవాలో 300 వరకు ఉన్న స్వేచ్ఛను ఆ దేశముల విషయమున ఈ విధముగా మనమే చేజేతుల కుదించుకొంటిమి. కేరళమువారు తమ కొబ్బరికి, మిరియమునకు, రబ్బరునకు కీడు కలుగునని గొడవ చేసిరి. ఆ రాష్ట్ర ముఖ్యమంత్రియే ఢిల్లీకి పోయి ప్రధానమంత్రికి మొరపెట్టుకొనెను. 2009 అక్టోబరు 2న కాసరగోడునుండి తిరువనంతపురము వరకు మార్గము పొడవున జనులు చేయిచేయి పట్టుకొని నిలిచిరి. అయినను ఒడంబడిక ఆగలేదు.

ఒక రాష్ట్రమంతయు వద్దన్నను ఎట్లు జరిగినది? మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు తీసి చూడుడు. రాష్ట్రముల జాబితాలో 14వ అంశము వ్యవసాయము. కేంద్రపు జాబితాలో 14వ అంశము విదేశములతో సంధులు చేసికొనుట, వానిని అమలు జరుపుట. అంకె ఒక్కటే, యజమానులు ఇద్దరు. పైగా 253వ అధికరణము ప్రకారము సంధిని అమలు జరుపుటకు పార్లమెంటు ఏ విషయము మీదనైనను చట్టము చేయవచ్చును. సేద్యము రాష్ట్రముది అయినను, సేద్యమును తాకు సంధి కేంద్రముది. అమెరికాలో అధ్యక్షుడు సంధి చేసినచో సెనేటులో మూడింట రెండువంతుల మంది ఒప్పుకొనవలెను. మన రాజ్యాంగములో సంధిని ముందుగా పార్లమెంటు ఆమోదము కొరకు పెట్టవలెనను నియమము లేదు. మంత్రివర్గము నిశ్చయించిన చాలును. 1800లో నిజామును మనము ఎన్నుకొనలేదు, నేటి మంత్రులను మన ఓట్లే గద్దెమీద కూర్చుండబెట్టును. ఈ భేదము చిన్నది కాదు. అయినను, ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు, ఇవ్వబడినవాడు అను ఆ పాత మూడు స్థానములలో మూడవవానిని సంధికి ముందు పిలిచి అడుగు పద్ధతి ఇంకను ఏర్పడలేదు.

ఇంతమాత్రమున మన రాజ్యము శక్తిహీనమని నేననను. వలసినచోట అది నిలువగలిగినది. కొత్త విత్తన రకములకు యాజమాన్యపు హక్కు కల్పింపవలెనని ఆ వాణిజ్య సంస్థ నియమము. దానిని పాటించుచునే 2001లో మన పార్లమెంటు రైతుల హక్కులను కూడ చేర్చి చట్టము చేసెను. దాని 39వ విభాగము ప్రకారము రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, ఇరుగుపొరుగువారికి మార్పిడి చేయవచ్చును, అమ్మవచ్చును. కంపెనీవలె పేరుముద్ర వేసి మాత్రము అమ్మరాదు. వేరుసెనగవంటి పంటలో ఈ హక్కు చాల విలువైనది, ఏలయనగా దాచిన కాయ తన జాతిని తప్పదు. కదిరి పరిశోధనాకేంద్రమున పుట్టిన రకములు చేనినుండి చేనికి ప్రాకినది ఇట్లే. మరియు 2019 నవంబరు 4న బాంకాకులో 15 ఆసియా, పసిఫికు దేశములు పెద్ద వ్యాపారపు కూటమికి సిద్ధపడగా, మనవారు చేరమని చెప్పి వెనుకకు వచ్చిరి. పాడిరైతుల గోల ఆనాడు ఢిల్లీకి వినబడినది.

ఇండోనేసియా సంగతి ఇంతకన్న విచిత్రము. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిను మీదికి పోగా పొద్దుతిరుగుడు నూనె రాక ఆగినది. ఏప్రిలు 28న ఇండోనేసియా ప్రభుత్వము తన ప్రజలకే నూనె చాలదని చెప్పి పామునూనె ఎగుమతిని నిలిపివేసినది. మే 23న మరల విడిచినది. ఆ మూడు వారములు జకార్తాలోని సార్వభౌమాధికారము మన ఊరి చిల్లర అంగడిలో కూర్చున్నది. తన జనుల కొరకు వారు చేసిన పనిని నేను తప్పుపట్టను. కాని తన నూనెను తాను పండించుకొను శక్తిని పోగొట్టుకొన్న దేశము ఇతరుల అధికారమునకు ఎంత చేరువలో కాపురముండునో అప్పుడు తెలిసినది.

తగవు వచ్చినప్పుడు తీర్చువారు లేరా అని మీరడుగవచ్చును. ఉండిరి. మనదేశము అనేక వస్తువుల దిగుమతిని పరిమితము చేయుచున్నదని అమెరికా ఫిర్యాదు చేయగా, జెనీవాలోని అప్పీలు పీఠము 1999లో మనకు ప్రతికూలముగా తీర్పు చెప్పెను. మనవారు తలవంచి 2001 ఏప్రిలు 1 నాటికి ఆ కట్టుబాట్లన్నియు తొలగించిరి. అదే పీఠమునకు కొత్త న్యాయాధిపతులను నియమింపకుండ అమెరికావారే అడ్డుపడగా 2019 డిసెంబరులో దాని పని ఆగిపోయినది. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుల మీద 50 శాతము వరకు సుంకము విధించినప్పుడు అంతిమ తీర్పు చెప్పుటకు అక్కడ ఎవరును లేకుండిరి. చిన్నవాడు తీర్పునకు లోబడెను, పెద్దవాడు కచ్చేరికే తాళము వేసెను. ఇట్టిది గ్రామపంచాయతీలలో మనమెరుగని వింత కాదు.

ప్రపంచము మన గుమ్మములోనికి వచ్చుటలో మేలు లేదనుకొనరాదు. విజయనగరపు రాజులు తలదాచుకొన్న పెనుకొండకు కొలది దూరమున, ఎఱ్ఱమంచి యొద్ద, కొరియా దేశపు కియా కంపెనీవారు 536 ఎకరములలో కార్ల కర్మాగారము నిలిపిరి. 2017 ఏప్రిలులో రాష్ట్ర ప్రభుత్వముతో ఒప్పందము, 2019లో కార్ల ఉత్పత్తి. ఏటికి 3 లక్షల కార్లు చేయగల శక్తి దానికి కలదు. హంద్రీనీవా కాలువద్వారా వచ్చిన కృష్ణానీటిని గొల్లపల్లి జలాశయమునుండి దానికి ఇచ్చుచున్నారు. దానిచుట్టును కొరియా అంగళ్లు, కొరియా అక్షరములు వెలసినవి. మన పిల్లలకు పని దొరికినది, అది సంతోషింపదగినదే. ఒక్క మార్పును మాత్రము గమనింపుడు. పూర్వము వర్తకుడు కానుకలు తెచ్చి రాజద్వారమున నిలుచుండెడివాడు. నేడు రాష్ట్రములు ఒకదానితో ఒకటి పోటీపడి, భూమి, నీరు, విద్యుత్తు, పన్నులలో రాయితీలు చేతబట్టుకొని కంపెనీల ద్వారమున నిలుచుచున్నవి. ఇచ్చిన రాయితీకి వచ్చిన లాభమెంతయో లెక్క చూచి చెప్పుడని ఓటరు అడిగినచో అది ద్రోహము కాదు.

తాడిపత్రినుండి 2020 జనవరిలో అరటిగెలలు శీతల పెట్టెలలో రైలెక్కి ముంబయి రేవునకు, అటనుండి ఓడలో పరదేశములకు పోయినవి. నీరున్నవానికి సముద్రము మార్గమైనది. నీరులేక వాననే నమ్మి బుడ్డలు విత్తువానికి ఆ సముద్రమే మీద పడినది. ఒకే జిల్లా, ఒకే ప్రపంచము.

ఇక కడపటి సంగతి. 2024 సెప్టెంబరు నడుమ కేంద్ర ఆర్థికశాఖవారు ముడి వంటనూనెల మీది మూలసుంకమును సున్ననుండి 20నకు పెంచిరి. మరికొన్ని వారములలో కాయ కోతకు వచ్చు వేళ గనుక రైతు సంతోషించెను. 2025 మే నెలాఖరున, మృగశిర కార్తెకు సుమారు వారము ముందు, రైతు విత్తనమునకు అప్పు వెదకుచున్న రోజులలో, దానిని 10నకు తగ్గించిరి. ఈ రెండు ఉత్తరువులలో ఏదియు జెనీవాలో వ్రాయబడలేదు. రెండును ఢిల్లీలో వ్రాయబడి గెజెటులో అచ్చుపడినవి. అనంతపురమునుండి ఒకరు, హిందూపురమునుండి ఒకరు లోకసభలో సభ్యులై కూర్చుందురు. ఈసారి వారు మీ రచ్చబండ యొద్దకు వచ్చినప్పుడు రోడ్డును గూర్చియు, పింఛనును గూర్చియు అడిగిన పిదప ఇది కూడ అడుగుడు: నూనె సుంకము మార్చు ఉత్తరువు ఇకముందు వెలువడినప్పుడు, దాని సంగతి విత్తు వేయకముందే మాకు తెలియునా, వేసిన తరువాత తెలియునా?